తీసేసే చెయ్యి

ఛాయాదేవి మళ్ళీ ఆఫీసుకి వచ్చిన సోమవారం పొద్దున ఆమె కుర్చీ ఆమె చోట లేదు.

ముందు హాల్లో కిటికీ పక్కన, దేవుడి పటాల కింద ఉండే చోటు అది. ఇప్పుడక్కడ అక్షయ కూర్చుని ఉంది. ఈమధ్యనే పెళ్ళయింది, మెళ్ళో పసుపుతాడు ఇంకా రంగు దిగలేదు. ఛాయాదేవిని చూసి లేవబోయి, లేవకుండా, "అక్కా" అని మాత్రం అని ఆగిపోయింది. ఏమనాలో ఆ పిల్లకి తోచలేదు. ఇలాంటప్పుడు ఏమనాలో చాలామందికి తోచదు, పెద్దవాళ్ళతో సహా.

"మీ బల్ల వెనక గదిలో ఏశారమ్మా," అంది ఊడుస్తున్న తెరేసమ్మ, చీపురు ఆపి. "గాలి బాగా వస్తదంట."

వెనక గదికి కిటికీ లేదు. పాడైపోయిన మానిటర్లు, ఇంకు ఎండిపోయిన ప్రింటర్లు, కిందటేడు వినాయక చవితికి కట్టిన సీరియల్ లైట్లు అందులో పడేస్తారు. బల్ల మీద దుమ్ము మాత్రం తెరేసమ్మ తడిగుడ్డ పెట్టి తుడిచింది, అంతవరకు నయం. ఛాయాదేవి డబ్బా సంచి కింద పెట్టి కూర్చుంది. ఇంట్లో జీతం తెచ్చే మనిషి ఇప్పుడు తనొక్కతే. చనిపోయిన భర్త కార్యక్రమాలన్నీ ముగిశాక ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి భవానీపురం దాటేదాకా ధైర్యంగానే వచ్చింది. ఆఫీసంటే పని ఉంటుంది, పనిలో పడితే గుండె కాస్త తెరిపిన పడుతుందని ఆమె ఆశ.

ఆ ఆఫీసు వెంకటప్పయ్యగారిది. ఒకప్పుడు ఆయనకి గవర్నర్‌పేటలో ప్రెస్సు ఉండేది, కాలేజీలకి ప్రశ్నపత్రాలు అచ్చువేసేవారు. ఇప్పుడు అవే కాలేజీలకి ఆదివారం ఆదివారం కంప్యూటర్లలో మాదిరి పరీక్షలు పెట్టిస్తున్నారు. గుడివాడ, అవనిగడ్డ, కూచిపూడి, నూజివీడు, ఇలా జిల్లా అంతటా సెంటర్లున్నాయి. ప్రెస్సు పోయింది గానీ ప్రెస్సు అలవాట్లు పోలేదు. మొదటి కాగితం ఎవరి చేత్తో పెట్టించాలా అని ఆ రోజుల్లో చూసుకున్నట్టే, మొదటి సర్వరు ఎవరి చేత్తో పెట్టించాలా అని ఇప్పుడు చూసుకుంటారు. ఛాయాదేవి చేరిన కొత్తల్లో ఆమె పెట్టిన పరీక్ష ఎక్కడా ఆగకుండా నడిచింది. "నీ హస్తవాసి మంచిదమ్మా," అన్నారాయన ఆ రోజు. అంతే, అప్పట్నుంచి ఆ పని ఆమెదే. జ్వరమొచ్చినా ఆటో పంపి మరీ పిలిపించేవారు.

సర్వరంటే కంటికి కనిపించే పెట్టె కాదు. ఎక్కడో ముంబైలో ఎవరిదో పెద్ద భవనం నిండా ఉన్న కంప్యూటర్లలోంచి ఒక్కో ముక్క మన పేరున అద్దెకు తీసుకోవడం. ఊరికొకటి కావాలి. ఎంత పెద్దది, అందులో ఏ పరీక్ష ఎక్కించాలి, లోపలికి ఎవర్ని రానివ్వాలి, పేరేం పెట్టాలి, అన్నీ తెర మీద నింపి చివర మీట నొక్కితే సర్వరు పుడుతుంది. పరీక్షయ్యాక తీసెయ్యాలి, లేకపోతే అద్దె పడుతూనే ఉంటుంది. ఆదివారం తెల్లారకముందే వచ్చి ఒక్కో ఊరికీ ఇదంతా నింపేసరికి ఆమె మెడ పట్టేసేది. ఈ పనులన్నీ కంప్యూటరుకి వరసగా చెప్పే స్క్రిప్టు రాస్తే ఒక్క మీటకి అన్నీ వాటంతటవే వస్తాయండి అని ఆమె కిందటేడే చెప్పింది. వెంకటప్పయ్యగారు ఒప్పుకోలేదు. "మిషను పెట్టినదానికి ఏం కలిసొస్తుందమ్మా? నీ చెయ్యి పడాలి," అన్నారు. మెడనొప్పి సంగతి మర్చిపోయి ఆమె ఆ మాటకి మురిసిపోయింది కూడా.

మధ్యాహ్నం జయకృష్ణ వచ్చాడు. టెక్నికల్ మేనేజరు. గడప దగ్గరే నిలబడి, చార్జరు కోసం వచ్చినవాడిలా గది నాలుగు వైపులా చూశాడు.

"ఛాయగారూ, మీరప్పుడెప్పుడో స్క్రిప్టు అన్నారు చూడండి. ఇప్పుడు రాసెయ్యండి. వచ్చే ఆదివారం నుంచి దాంతోనే."

"సార్ ఒప్పుకున్నారా?"

"ఆయనే అన్నారండి. ఇంక మిమ్మల్ని తెల్లారకముందే రప్పించి కష్టపెట్టడం ఎందుకని."

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన తన గురించి ఆలోచించారనుకుంది. పిచ్చిది, నిజంగానే అనుకుంది.

*

మంగళవారమంతా ఆమె తల ఎత్తలేదు. ఊళ్ళ పేర్లన్నీ ఒక వరసలో రాసింది. ఒక్కో పేరూ తీసుకుని, సర్వరు అడిగి, అది లేచేదాకా ఆగి, లేచిందో లేదో పలకరించి చూసి, పలికితేనే తర్వాతి ఊరికి వెళ్ళమని రాసింది. ముందు కూచిపూడి ఒక్కటీ పెట్టి చూసింది. వచ్చింది. తీసేసి మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చింది. గుడివాడ దగ్గర నెట్ పోయి మళ్ళీ నడిపేసరికి గుడివాడలు రెండు పుట్టాయి. ఆమె నవ్వుకుంది. భర్త పోయాక నవ్వడం అదే మొదలు. వెంటనే నోరు మూసుకుని, ఎవరైనా విన్నారేమోనని గడప వైపు చూసింది. ఆ పేరుతో ఇదివరకే ఉంటే మళ్ళీ పెట్టకు అని ఇంకో మాట చేర్చింది. అప్పుడు ఎన్నిసార్లు నడిపినా ఊరికొక్కటే వచ్చింది.

తీసెయ్యడానికి వేరే స్క్రిప్టు. అది జాగ్రత్తగా రాయాలి. పిల్లల జవాబులన్నీ ఒకచోటికి తెచ్చుకుని, సరిచూసుకున్నాకే తీసెయ్యాలి. ఒకసారి తీసేస్తే ఇక తిరిగిరావు. అందుకే దాన్ని తనంతట తాను నడవనివ్వలేదు. ఎవరో ఒక మనిషి కూర్చుని, చూసి, తన చేత్తో నడపాలి. నడపబోతే ముందు పేరు అడుగుతుంది. ఎవరు తీసేస్తున్నారు అని. పేరు కొట్టందే కదలదు, కొట్టిన పేరు రికార్డులో పడిపోతుంది. రేపు ఏదైనా తేడా వస్తే ఎవర్ని అడగాలో తెలియాలిగా అని ఆమె ఉద్దేశం. అంతకుమించి ఏమీ లేదు.

బుధవారం పొద్దున మెట్లెక్కుతుంటే వెంకటప్పయ్యగారు ఎదురు దిగుతున్నారు. తెల్లచొక్కా, చంకలో ఫైలు. ఏదో కాలేజీ వాళ్ళతో కొత్తగా మాట్లాడుకోవడానికి వెళ్తున్నట్టున్నారు. ఆమెని చూసి మెట్టు మీదే ఆగిపోయారు.

"వెళ్ళమ్మా, నువ్వు వెళ్ళు. నాకేదో గుర్తొచ్చింది," అని వెనక్కి తిరిగారు.

పైకొచ్చి కుర్చీలో కూర్చున్నారు. తెరేసమ్మని మంచినీళ్ళు అడిగి, గ్లాసెడూ తాగి, కళ్ళు మూసుకుని కాసేపాగి, మళ్ళీ లేచి వెళ్ళారు. గుర్తొచ్చిందన్నదేదీ చెయ్యలేదు, తీసుకోలేదు. ఛాయాదేవి వెనక గది గుమ్మంలోంచి అంతా చూసింది. చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. ఇదే మనిషి ఆమె భర్తని ఆస్పత్రిలో చేర్చిన రోజు కారు పంపించాడు, పోయిన రోజు వరండాలో ఎండలో నిలబడ్డాడు, అత్తగారి ముందు కళ్ళు తుడుచుకున్నాడు. మంచాయనే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది.

ఆ మధ్యాహ్నం అక్షయ డబ్బా పట్టుకుని వెనక గదికి వచ్చింది. ఎప్పుడూ ఇద్దరూ కలిసే తింటారు. ఈ రెండు రోజులూ రాలేదు. దోసకాయ పప్పు కాస్త ఛాయాదేవి గిన్నెలో వేసి, తను తినకుండా కెలుకుతూ కూర్చుంది.

"అక్కా, ఆదివారం నన్ను తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని రమ్మన్నారు."

"ఏంటి, పూజా?"

"స్క్రిప్టు నన్ను నొక్కమన్నారు. పంతులుగారు ముహూర్తం కూడా పెట్టారంట." ఆగి, మెల్లగా అంది. "నీకు చెప్పలేదా వాళ్ళు?"

ఛాయాదేవి ముద్ద నోట్లో పెట్టుకుంది. చోటు మార్చిన కుర్చీ, గాలి, మెట్ల మీద గుర్తొచ్చిన సంగతి, కష్టపెట్టడం ఎందుకన్న మాట, అన్నీ ఒక్కచోటికి వచ్చి నిలబడ్డాయి. ఇన్నాళ్ళూ చెయ్యి మంచిదని స్క్రిప్టు వద్దన్నారు. ఇప్పుడు చెయ్యి మంచిది కాదని స్క్రిప్టు కావాలన్నారు. అది కూడా ఆమె చేతే రాయించుకున్నారు. ఒళ్ళు మండిపోయింది. అంతలోనే, అంతకన్నా ఎక్కువగా, సిగ్గేసింది. ఆ సిగ్గు ఎందుకో ఆమెకి అర్థం కాలేదు. తప్పు ఎవరిదో, సిగ్గు ఎవరికో.

"నేను రానని చెప్పనా అక్కా?"

"నీకు ఉద్యోగం వద్దా? తిను ముందు, చల్లారిపోతోంది."

సాయంత్రం ఆమె తనే జయకృష్ణ దగ్గరికి వెళ్ళింది.

"ముహూర్తం పరీక్షకి మరీ దగ్గరగా ఉందంటండి. అప్పుడు నొక్కితే సర్వర్లు లేచి, నేను చూసుకునేసరికి పిల్లలు వచ్చేసి కూర్చుంటారు. ఒక్కటి లేవకపోయినా ఆ ఊరు ఊరంతా ఆగిపోతుంది."

జయకృష్ణ దీనికి ముందే ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. "మీరు ఇంటి దగ్గర్నుంచి తెల్లవారుజామునే పెట్టెయ్యండి. మీ లాగిన్ కీతోనే. ముహూర్తం టైముకి అక్షయ నొక్కేది ఊరికే పేర్లు చూపించేలా ఇంకోటి రాయండి. ఒక్కో పేరూ కాస్త ఆగి ఆగి వస్తే బాగుంటుంది. పెద్దాయనకి చెప్పకండి."

"అంటే పెట్టేది నేనే."

"మరి ఇంకెవరు పెడతారండి? ఇదంతా ఆయన సెంటిమెంటు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, మీకు తెలుసుగా."

"నమ్మకం లేనివాళ్ళు ఆయనకి చెప్పొచ్చు కదండి."

"ఎందుకొచ్చిన గొడవ ఛాయగారూ. పెద్దవాళ్ళు. మనకి పని అవడం ముఖ్యం." ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంటూ మామూలుగా అన్నాడు. "సాయంత్రం తీసెయ్యడం మాత్రం ఎప్పటిలా మీరే. దానికి ఎవరి చెయ్యైతే ఏంటి, ముహూర్తమా పాడా."

ఆ మాట అతను కావాలని అనలేదు. అదే ఆమెకి ఎక్కువ తగిలింది. బస్టాండులో బస్సు కోసం నిలబడినప్పుడూ, అమ్మవారి కొండ కింద ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయినప్పుడూ అదే చెవిలో తిరిగింది. పెట్టడానికి మంచి చెయ్యి కావాలి. తీసెయ్యడానికి తన చెయ్యి చాలు. గొల్లపూడి దగ్గర కిటికీ చువ్వ పట్టుకున్న తన చేతిని చూసుకుంది. గాజులున్న చోట తెల్లటి చార ఇంకా పోలేదు.

*

ఆదివారం తెలతెలవారుతుండగా ఆమె వంటింట్లో నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. హాల్లో నెట్ సరిగా అందదు. అత్తగారు సీతమ్మ పాలు పొయ్యి మీద పెట్టి, గోడకి ఆనుకుని చూస్తోంది. కూతురు సాయిశ్రీ ఇంటర్ చదువుతోంది, ఆ పిల్లా ఇవాళ గొల్లపూడి సెంటర్లో ఇదే పరీక్ష రాయాలి. లేచి, దుప్పటి కప్పుకుని వచ్చి తల్లి పక్కన చేరింది.

"మా సెంటరు సర్వరు కూడా ఇప్పుడే పెడతావామ్మా?"

"ఆఁ. ఇదిగో, ఈ వరసలో మీది చివర."

అంతా సిద్ధంగా ఉంది. ఒక్క మీట. ఛాయాదేవి వేలు దాని మీదకి వెళ్ళి ఆగిపోయింది.

ఏళ్ళ తరబడి నొక్కిన మీట అది. కానీ ఎక్కడినుంచి వచ్చిందో ఒక ఆలోచన వచ్చింది. ఇవాళ ఏదైనా అయితే? గుడివాడ ఆగిపోతేనో, కూతురు రాస్తుండగా తెర నల్లబడితేనో? అప్పుడు ఇది నా చేత్తోనే మొదలైందని నాకు తెలుస్తుంది కదా.

"సాయీ, నువ్వు నొక్కుతావా అమ్మా?" అంది.

"నేనా? ఎందుకు?"

గోడ దగ్గర సీతమ్మ ఛాయాదేవి వంకే చూస్తోంది. సీతమ్మకి తెలుసు. తన మొగుడు పోయిన కొత్తల్లో చెల్లెలి పెళ్ళికి వెళ్ళి, పసుపు దంచుతుంటే అక్కడివాళ్ళు రోకలి చేతిలోంచి తీసేసుకున్న సంగతి ఆవిడ ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు, ఛాయాదేవికి తప్ప.

"పాలు పొంగుతున్నాయి," అంది సీతమ్మ. "నీ పని నువ్వు చేసుకో తల్లీ. పిల్లకెందుకు చెప్పడం."

ఛాయాదేవికి తన మీద తనకే అసహ్యం వేసింది. వాళ్ళు పెట్టిన విషం ఇంటిదాకా వచ్చింది, వంటింట్లోకి వచ్చింది, ఇంకాస్త ఉంటే కూతురి చేతిలోకి వెళ్ళేది. మొహం కూడా కడుక్కోలేదు, నిన్నటి పాత నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఉంది. అలాగే, ఏ దేవుడికీ దణ్ణం పెట్టకుండా, గట్టిగా నొక్కింది.

ఊరి పేరు వచ్చింది. కాసేపాగి, లేచింది అని వచ్చింది. మరో ఊరు. మరోటి. కాఫీ తాగుతూ ముగ్గురూ చూశారు. గొల్లపూడి చివర్న లేచింది. సాయిశ్రీ, "అయిపోయిందా? ఇంతేనా?" అని స్నానానికి వెళ్ళిపోయింది.

*

ముహూర్తానికి ఛాయాదేవిని రావద్దని ఎవరూ అనలేదు. వెనక గదిలో కూర్చుని సర్వర్లు కనిపెట్టుకుని ఉండమన్నారు, అంతే. తలుపు దగ్గరగా వేసి ఉంది. సాంబ్రాణి పొగ కింద సందులోంచి వచ్చింది. కొబ్బరికాయ పగిలింది, ఎవరో గంట వాయించారు. వెంకటప్పయ్యగారి గొంతు, "కుడిచేత్తో అమ్మా, కుడిచేత్తో," అని వినబడింది. ఇప్పుడు ఊళ్ళ పేర్లు ఆగి ఆగి వస్తుంటాయని ఆమెకి తెలుసు. ఒక్కో పేరుకీ మధ్య ఎంతసేపు ఆగాలో రాసింది తనే. చివరి పేరుకి చప్పట్లు కొట్టారు. అప్పటికి ఆ సర్వర్లు లేచి, తలుపులు తీసుకుని, చాలాసేపట్నుంచి పిల్లల కోసం ఎదురుచూస్తున్నాయి.

పరీక్ష నడిచింది. నూజివీడులో కరెంటు పోయి జనరేటర్ వేశారు, అవనిగడ్డలో కొందరికి ప్రశ్నల్లోని బొమ్మలు ఆలస్యంగా వచ్చాయి, ఆమె సరిచేసింది. మధ్యాహ్నానికి అందరూ రాసేశారు. ఎక్కడా ఒక్కరికీ మధ్యలో ఆగలేదు. జవాబులన్నీ తెచ్చుకుని, ఊరు ఊరికీ సరిచూసేసరికి సాయంత్రం నాలుగైంది.

వెంకటప్పయ్యగారు లడ్డూల పెట్టె పట్టుకుని వెనక గది గడప దాకా వచ్చారు. లోపలికి రాలేదు.

"తీసుకో అమ్మా. అక్షయ హస్తవాసి చూశావా, ఇలా మొదలుపెట్టింది, అలా అయిపోయింది. ఇంక ప్రతి ఆదివారం ఆ పిల్లచేతే. నువ్వు అవన్నీ తీసేసి, రాహుకాలం పడకుండా ఇంటికి వెళ్ళిపో."

ఛాయాదేవి లడ్డూ తీసుకుంది. బల్ల మీద పెట్టింది. ఇన్నాళ్ళలో ఆయన ముందు ఆమె గొంతెత్తి మాట్లాడింది లేదు, ఇప్పుడూ ఎత్తలేదు. ల్యాప్‌టాప్ రెండు చేతుల్తో పట్టుకుని లేచింది. ఆయన గడప దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నారు. ఆమె హాల్లోకి నడిచి, కిటికీ పక్కన, పటాల కింద, తన పాత బల్ల చోట దాన్ని పెట్టింది. పట్టుచీరలో అక్షయ లేచి నిలబడింది. ఫోను చూసుకుంటున్న జయకృష్ణ తల ఎత్తాడు.

"ఇవి ముహూర్తానికి పెట్టినవి కావు సార్," అంది ఛాయాదేవి. "తెల్లారుతుండగా ఇబ్రహీంపట్నంలో మా వంటింట్లోంచి నేను పెట్టాను. అప్పటికి నేనింకా మొహం కూడా కడుక్కోలేదు. అక్షయ నొక్కింది ఊరికే పేర్లు చూపించేది. జయకృష్ణగారికి తెలుసు."

వెంకటప్పయ్యగారు జయకృష్ణ వంక చూశారు. అతను ఫోను వంక చూశాడు. లడ్డూల పెట్టె ఆయన చేతిలో కాస్త వంగింది. ఇప్పుడు అరుస్తారేమోననుకుంది ఆమె. ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"ఇంకెవరికైనా తెలుసా?"

ఏళ్ళ చాకిరీకి, మనిషి పోయిన దుఃఖానికి, ఈ వారం పడ్డ అవమానానికి కలిపి ఆయనకి అడగాలనిపించింది ఆ ఒక్క ప్రశ్నే.

"సరే, జరిగిందేదో జరిగింది," అన్నారాయన. "ఎవరితో అనకు. తీసేసి వెళ్ళు."

"తీసెయ్యడం నేను చెయ్యను సార్. అక్షయని చెయ్యమనండి. పేరు కొట్టి ఎంటర్ నొక్కడమే."

"నేను చేస్తాను సార్," అంటూ అక్షయ ముందుకొచ్చింది.

"నువ్వు ముట్టుకోకు." ఆయన చెయ్యి అడ్డం పెట్టేశారు. "కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లవి, నీచేత ఇలాంటి పని..."

మాట మధ్యలో ఆగిపోయింది. తనేమన్నారో ఆయనకే వినబడినట్టుంది.

"జయకృష్ణగారూ, మీకు నమ్మకం లేదు కదండి, మీరు కొట్టండి," అంది ఛాయాదేవి.

జయకృష్ణ నవ్వాడు. బల్ల దాకా వచ్చి, వంగి, తెర మీద పేరు అడుగుతున్న చోట చూశాడు. వేళ్ళు మీటల మీద పెట్టి తీసేశాడు. "అంటే... ఇంట్లో మా ఆవిడకి నెలలు నిండాయండి. నాకేం లేదనుకోండి. ఎందుకొచ్చింది, తర్వాత తను వింటే బాధపడుతుంది."

వెంకటప్పయ్యగారు అటూ ఇటూ చూశారు. మూల కొబ్బరి పెచ్చులు ఏరుతున్న తెరేసమ్మ కనబడింది. ఆయన మొహం తేటపడింది.

"తెరేసమ్మా, ఇలా రా. జయకృష్ణా, ఆమె పేరు నువ్వు కొట్టు. మీట ఆమె నొక్కుతుంది."

తెరేసమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ మొగుడు పోయి చాలా కాలమైంది. ఆ సంగతి ఈ హాల్లో అందరికీ తెలుసు, వెంకటప్పయ్యగారికి మరీ బాగా తెలుసు. బల్ల ముందు నిలబడి అందరి మొహాలూ ఒకటొకటిగా చూసింది.

"నొక్కితే ఏమవుద్దయ్యా?"

"ఏం కాదు, నొక్కు," అన్నారాయన.

"ఏం కాకపోతే తమరే నొక్కొచ్చుగా," అంది తెరేసమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఆయన లడ్డూల పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఆవిడకి మెల్లగా ఏదో అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ముందుకీ చాపలేదు. ఉద్యోగం ఉన్న మనిషి చెయ్యి ఎలా ఉంటుందో అలా, గాలిలో ఉండిపోయింది.

ఆ చెయ్యి చూశాక ఛాయాదేవి ఆగలేకపోయింది. తను కాదంటే పని తెరేసమ్మ మీదకి దిగింది. తెరేసమ్మ కాదంటే ఇంకో కిందిమనిషిని వెతుకుతారు. ఆవిడ మణికట్టు పట్టుకుని మెల్లగా పక్కకి తీసింది.

"నువ్వు ఉండు తెరేసమ్మా."

నిలబడే వంగి, పేరు అడుగుతున్న చోట కొట్టింది. వెంకటప్పయ్య. ఇంటిపేరుతో సహా కొట్టింది. ఎంటర్ నొక్కింది.

"అదేంటమ్మా, నా పేరు..."

"చేయిస్తున్నది మీరే కదా సార్."

గుడివాడ ఆగింది. తీసేసినవారు, వెంకటప్పయ్య అని పక్కనే వచ్చింది. అవనిగడ్డ ఆగింది. వెంకటప్పయ్య. కూచిపూడి. నూజివీడు. ఇవి ముహూర్తానికి వచ్చినట్టు ఆగి ఆగి రాలేదు, చకచకా వచ్చాయి. ఆయన వద్దనబోయి, పెదాలు కదిపి, పటాల వైపు తిరిగారు. పట్టుకున్న లడ్డూల పెట్టె గుండెకి ఆనించుకున్నారు. గొల్లపూడి చివర ఆగింది. ఇంకేమీ కాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కింద రోడ్డు మీద సిటీ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అయిపోయిందా అమ్మా? ఇంతేనా?" అంది తెరేసమ్మ.

"ఇంతే."

ఛాయాదేవి వెనక గదిలోకి వెళ్ళి డబ్బా సంచి తీసుకుంది. లడ్డూ బల్ల మీదే వదిలేసింది. రేపు రావాలా అని ఆమె అడగలేదు, రమ్మని ఎవరూ అనలేదు. అక్షయ గుమ్మం దాకా వచ్చింది గానీ ఆయన చూస్తుంటే అక్కడే ఆగిపోయింది. ఆ పిల్లని ఏమీ అనాలనిపించలేదు. రేపటినుంచి ఇల్లెలా గడుస్తుందోనన్న భయం మొదటి మెట్టు దగ్గరే పట్టుకుంది. గోడ పట్టుకుని దిగింది.

సగం మెట్లు దిగేసరికి పైనుంచి వెంకటప్పయ్యగారి గొంతు వినబడింది.

"జయకృష్ణా, ఆ పేరు తీసెయ్యొచ్చా?"

"రికార్డులో పడిపోయింది సార్. నాకు రాదు. ఛాయగారికి తెలుస్తుందేమో."

"పిలువు మరి. పిలువయ్యా. దిగిపోతోంది."

పైన మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఛాయాదేవికి అది ఎలా తీసెయ్యాలో తెలుసు. ఆమె ఆగకుండా దిగి, రోడ్డు దాటి, ఇబ్రహీంపట్నం బస్సు కోసం వెళ్ళి నిలబడింది.